సోమవారం మంచం

"ఆ కుర్చీల నేను కూసోను."

పొద్దున లేచినప్పటి నుంచి సరళాదేవి ఈ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి ఎవరూ వినలేదు. రెండోసారి ఆడబిడ్డ లీలాబాయి విని నవ్వింది. మూడోసారికి మొగుడు జలపతిరావు వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఎందుకు కూసోవు?"

"కూసుంటె జనం నన్ను జూస్తరు."

"జూడాల్ననే గద కూసొమ్మంటున్న."

లీలాబాయి దువ్వెన పట్టుకొని మరదలి వెనక కూర్చుంది. దువ్వెన ఒక్కసారి కిందికి దిగితే పిడికెడు వెంట్రుకలు దాని వెంట వస్తున్నాయి. వాటిని ఉండ చుట్టి ఒళ్ళో పెట్టుకుంటూ, ఎంత పొడుగు సవరం కట్టాలో ఆమె మనసులోనే అంచనా వేసుకుంటోంది. జాలిపడే మనిషి కాదు లీలాబాయి. మొగుడు పోయి తమ్ముడి ఇంట చేరిన ఇరవై ఏళ్ళలో జాలి వల్ల ఎవరికైనా మేలు జరగడం ఆమె చూడలేదు.

నెలన్నరగా రెండు పూటలా గిన్నెడు బిళ్ళగన్నేరు కషాయం సరళాదేవి గొంతు దిగుతోంది. ఎడమ రొమ్ములో గడ్డ చింతగింజంత ఉన్నప్పుడు కరీంనగర్ డాక్టరు చూసి, హైదరాబాద్ పెద్ద దవాఖానకు వెంటనే పొమ్మని చీటీ రాశాడు. జలపతిరావు ఆ చీటీ చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. చెన్నూరు చుట్టూ గోదావరి ఒడ్డు ఇసుక చెల్కల్లో బిళ్ళగన్నేరు వేయించి, ఆకు ఎండబెట్టించి, బొంబాయి మందుల కంపెనీకి తోలేది తనే. కంపెనీ ఆ ఆకుతో చేసేది క్యాన్సరు మందే. సరుకు తన గోదాములో ఉండగా, దాన్నే సీసాలో పోసి ఇచ్చేవాడి గుమ్మం తనెందుకు తొక్కాలి? గానుగ ఇంట్లో పెట్టుకొని నూనెకు బజారుకు పోతారా?

గడ్డ ఇప్పుడు నిమ్మకాయంత అయింది.

"పండుతున్నది. పండితె పగులుతది, పగిలితె పోతది" అంటాడు జలపతిరావు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆమె తాగడం మొదలుపెట్టి నెల కూడా కాకముందే కరపత్రాలు అచ్చువేయించి, కొండగట్టు జయంతి నాడు మెట్ల దగ్గర పంచిపెట్టాడు. 'రైతు సోదరులారా! క్యాన్సరును కరిగించే పంట బిళ్ళగన్నేరు. రొమ్ములో గడ్డ లేచిన నా ఇల్లాలికే నయమైంది. వచ్చి కళ్ళారా చూడండి.' కింద తన పేరు, ఊరు.

"ఇత్తునాలేసే మిరుగు కార్తెకు ఇంక నాల్గొద్దులే ఉన్నది" అన్నాడిప్పుడు. "నలబై మంది రైతులు వస్తుండ్రు. పత్తి ఇడిసి గీ ఆకు పెట్టాల్నంటె వాండ్లకు ఒక దిలాసా గావాలె. ఆ దిలాసా నువ్వే."

"ఆకు బస్తాల ముందు నమూనా సంచి పెడ్తరు సూడు, ఏరిన ఆకు నింపి. నన్ను గది జేసిన్రు."

"నమూనా సంచికి నోరుండదు" అంది లీలాబాయి, సవరం బిగిస్తూ. "గంతే తేడా."

సరళాదేవి అద్దంలో చూసుకుంది. జడ నడుము దాకా వేలాడుతోంది. తనది కాని జడ. తన తండ్రి జమ్మికుంటలో పత్తి వ్యాపారి. ఇచ్చేదేదో తేల్చుకోకుండా తూకానికి నిలబడొద్దని చిన్నప్పుడే నేర్పాడు.

"కూసుంటె హైదరాబాద్ తీస్కపోతరా?" అని అడిగింది.

జలపతిరావు అక్క వైపు చూశాడు. "పోదాం."

"ఎప్పుడు?"

"ఇత్తునాలు పడ్డంక."

"అప్పటికి నేనుంటనా?"

"ఉండకేంది! నువ్వు ఇప్పుడు దవాఖానకు పోతె ఆకు అమ్మెటోని పెండ్లామే కత్తికి పోయిందంటరు. ఇగ ఒక్కడు ఆకు పెడ్తడా? జర అర్థం జేస్కో సరళా."

ఆమెకు అర్థమైంది. అతని లెక్కలో తప్పేమీ లేదు. ఆ లెక్కలో తను లేదు, అంతే.

లీలాబాయి ఒళ్ళోని వెంట్రుకల ఉండను కిటికీలో నుంచి బయట పారేసి, మూలనున్న కషాయం చెంబు తెచ్చి మరదలి ముందు పెట్టింది. నిన్న సాయంత్రం నుంచి గిన్నె పోయి చెంబు వచ్చింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

సరళాదేవి తాగి, లేచి, వాకిట్లోకి నడిచింది.

* * *

పెద్ద రేకుల పాకలో ఆకు ఆరబోసి ఉంది. కంపెనీ తరఫున సరుకు చూడడానికి వచ్చిన అంబదాస్ గొంతుకూర్చుని ఒక్కొక్క కుప్పలో చెయ్యి పెడుతున్నాడు. ఆదిలాబాద్ మనిషి. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు. ఆకు తేమ చూడడంలో ఈ వాకిట్లో సరళాదేవి చెయ్యి తప్పదని అతనికి నాలుగేళ్ళ ఎరుక.

"ఈ కుప్ప జర చూసి చెప్పు బాయీ."

ఆమె పిడికెడు ఆకు తీసుకుంది. నలపబోతే వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. మళ్ళీ తీసుకుంది. మళ్ళీ జారింది.

అంబదాస్ ఆ చెయ్యినే చూశాడు. "వేళ్ళకేమైంది?"

"తిమ్మిర్లు. సూదిల దారం ఎక్కియ్యరాదు. దవడలు గుంజుతున్నయి."

"కడుపు?"

"వారానికొకసారి కదిలితె గొప్ప."

అతను ఆమె జడ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "అరే దేవా. ఇంకా మానలేదా, సదాఫులి తాగుడు?"

బిళ్ళగన్నేరును అతను సదాఫులి అనే అంటాడు.

"మీరే గద దాంతోని మందు జేసేది" అంది సరళాదేవి.

"ఆకుల మందు లేదని నేనన్ననా? ఉన్నది. లారెడు ఆకు ఉడకబెట్టి, వడబోసి, దాన్ని మళ్ళ వడబోసి, ఆఖరుకు గోరు మీద నిలిచేంత పొడి తీస్తరు. దాన్ని నరానికి ఇస్తరు. వారానికొకపారి, నెత్తురు పరీక్ష జేసుకుంట. నరం పక్కకు ఒక్క సుక్క జారితె చెయ్యి పుండయితది. అంత కోపపు మందు అది. నెత్తురు క్యాన్సరొచ్చిన పిల్లలు దాంతోని బతికిన్రు. నీ రోగానికి కూడ ఇస్తుండ్రు. కొందరికి గడ్డ కరిగింది, కొందరికి కరగలే. పెద్ద డాక్టర్లే ఇంక చూస్తుండ్రు. అయినా ముందు కత్తి, అటెన్క సూది. నువ్వు తాగే నీళ్ళల్ల మందెంతనో, విషమెంతనో ఎవనికి తెలుసు?"

సరళాదేవి లెక్క వేసింది. లారెడు ఆకుకు గోరంత. నెలన్నరలో తను తాగిన ఆకు అంతా కలిపినా ఒక బస్తా కాదు. అంటే తనకు ముట్టిన మందు సూది మొనకు కూడా అంటదు. మిగిలిందంతా మాత్రం పూర్తి తూకంతో ముట్టింది. వేళ్ళలో, దవడల్లో, దువ్వెన పళ్ళలో.

"గీ మాట మా ఆయనతోని జెప్పరాదు?"

"నిన్ననే చెప్పిన."

"ఏమన్నడు?"

అంబదాస్ ఆకు సంచి మూతి కట్టాడు. కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టాడు.

"'లారెడుకు గోరంతనేనా? అయితే మేము తక్కువ పోస్తున్నమన్నట్టు' అన్నడు."

చెంబు ఎందుకొచ్చిందో ఆమెకు తెలిసింది.

"రైతులు వస్తుండ్రు. వాండ్ల ముందర చెప్పుండ్రి అన్నా, నేను తాగేది మందు కాదని."

"నాకు గీ యేడు నలబై టన్నుల ఆకు గావాలె బాయీ" అన్నాడు అంబదాస్ నేల చూస్తూ. "నేను నౌకరిగాన్ని. నువ్వు మాత్రం మానెయ్యి. దవాఖానకు పోతే డాక్టరుతోని ఇది తాగినని దాచకు."

* * *

రైతులు వచ్చారు. చూశారు. ఎర్రంచు చీర, నడుము దాకా జడ, కుర్చీలో మనిషి. ఇంకేం కావాలి? ఒకాయన మాత్రం లేచి, "అమ్మా, నిజంగనే బాగైందా?" అన్నాడు. సరళాదేవి తల ఊపింది. జలపతిరావు చప్పట్లు కొట్టి వంటవాళ్ళను పిలిచాడు. మొదటి బంతి విస్తళ్ళ ముందు కూర్చుంది. అంబదాస్ తినకుండానే సంచి తీసుకొని బస్టాండుకు నడిచాడు.

అప్పుడు వచ్చారు చంద్రవ్వ, బాలమల్లు. సిరిసిల్ల నుంచి మూడు బస్సులు మారి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. అతను సాంచాల మీద బట్ట నేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది. బాలమల్లు చేతిలో కొండగట్టు కరపత్రం నాలుగు మడతలతో నలిగి ఉంది.

జలపతిరావు కరపత్రం రైతుల కోసం వేయించాడు. రోగులు కూడా చదువుతారని అతనికి తోచలేదు. వాళ్ళను చూడగానే మొహం మాడ్చుకొని, "లోపటికి తీస్కపో అక్కా" అన్నాడు.

లోపలి వసారాలో చంద్రవ్వ నేల మీద కూర్చుంది. సరళాదేవిని పైనుంచి కిందికి చూసింది. జడ దగ్గర చాలాసేపు ఆగింది.

"దొర్సానీ, నాకు గూడ నీ అసొంటిదే" అంది.

"ఏ పక్క?" అని లీలాబాయి అడిగింది.

"ఎడమ దిక్కవ్వా."

"ఎన్నేండ్లు నీకు?"

"నలబై నిండినయి."

"పిల్లల తల్లివేనా?"

"ఇద్దరు."

లీలాబాయి అంత ఓపికగా ఇంకొకరి కష్టం అడగడం సరళాదేవి ఎన్నడూ చూడలేదు.

"హైదరాబాద్ల జూపిచ్చినం" అన్నాడు బాలమల్లు. "కోసి తీసేయాలన్నరు. మూణ్ణెల్ల కింద పేరు రాసుకొని, గీ సోమారం మంచం ఇస్తమన్నరు. గిదే కాయితం. దీనికి అడ్డమేస్తున్నది నా పెండ్లామే."

"కోస్తె చెయ్యి పైకి లేవదట దొర్సానీ. లేవకుంటె కండెలెట్ల సుట్టాలె? గీ మనిషి ఒక్కడు నేస్తె ఇల్లెల్లుతదా? గంతల మీ కొండగట్టు కాయితం దొరికింది. ఆకుతోని పోయేదానికి కత్తెందుకు అన్న. ఆకైనా బువ్వైనా కడుపులకే గద." చంద్రవ్వ ముందుకు జరిగింది. "ఎవల మాట నేను నమ్మ. నీ నోటితోని ఒక్క మాట జెప్పు. నీకు తగ్గిందా?"

వసారా తలుపు తెరిచే ఉంది. అవతల రైతులు తింటున్నారు. పప్పు గరిటె పట్టుకున్న జలపతిరావు వడ్డించడం ఆపి ఇటే చూస్తున్నాడు. 'లేదు' అన్న మాటకు ఎంత గొంతు కావాలి? ఆ బక్క నేతగాడు ఒక్క కేక వేస్తే నలభై మంది లేస్తారు. ఆకు పోతుంది. ఆకుతో పాటు హైదరాబాద్ పోతుంది. మొగుడి మాట మీద ఆమెకు నమ్మకం లేదు గాని, లేని నమ్మకం కూడా ఒక సరుకే. చేతిలో ఇంకేమీ లేనివాళ్ళు దాన్నే పట్టుకుంటారు.

"తగ్గింది" అంది సరళాదేవి.

చంద్రవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. మొగుడి చేతిలోని దవాఖాన కాయితం లాక్కొని సరళాదేవి ఒళ్ళో పెట్టింది.

"ఇగ నాకెందుకిది! పొయ్యిల ఎయ్యిండ్రి. కండ్ల ముందట ఉంటె బయమైతున్నది."

"ఉండనీయే, ఆగమాగం జేయకు" అన్నాడు బాలమల్లు.

"నీకేం, కోసేది నీ రొమ్మా?"

లీలాబాయి ఆకు పొట్లం కట్టి ఇచ్చింది. ఊరికే ఇచ్చింది.

* * *

వాళ్ళు గేటు దాటే దాకా లీలాబాయి చూసింది. తర్వాత తమ్ముణ్ణి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"సోమారం మంచం. ఎడమ రొమ్ము. నలబై ఏండ్లు. ఇద్దరు పిల్లల తల్లి. అన్నీ మన సరళ లెక్కనే" అంది. "ఇది చంద్రవ్వయితె ఏంది, సరళయితె ఏంది? మూణ్ణెల్ల కింద జూసిన మొఖం ఏ డాక్టరుకు యాదికుంటది?"

జలపతిరావుకు వెంటనే అందలేదు. అర్థమయ్యాక కూర్చున్నాడు.

"పేరు?"

"పేరు గా నేతోల్లదే, కాయితం మీద ఉన్నదే. జలపతిరావు పెండ్లాం దవాఖానకు పోయిందని ఎక్కడా ఉండదు. జమ్మికుంట తల్లిగారింటికి పోయిందని జెప్పుదాం. పాము సావాలె, కట్టె ఇరగద్దు."

"అక్కా!" అన్నాడు జలపతిరావు మెచ్చుకోలుగా.

సరళాదేవి కాయితం విప్పింది. చంద్రవ్వ, భర్త బాలమల్లు. కింద నీలం మొహరు. తనకు కావలసినదంతా ఆ జానెడు కాయితంలో ఉంది. దానికి మూడు నెలలు ఎదురుచూసింది ఇంకో మనిషి.

"మరి గామెకో?"

"గామె ఇడిసిపెట్టింది. మనం గుంజుకున్నమా?"

"నేను తగ్గిందన్న గద, ఇడిసిపెట్టింది."

"అంటివి" అంది లీలాబాయి. "అన్నది నువ్వు. నా నోరు కాదు, నీ మొగని నోరు కాదు. అనేటప్పుడు లేని రంది ఇప్పుడెందుకు? వద్దంటె చెప్పు, పొయ్యిలనే ఏస్త. మిరుగు ఎల్లినంక నువ్వు కూడ పోయి పేరు రాపిచ్చుకో. మళ్ళ మూణ్ణెల్లు."

ఆమె చెయ్యి చాపింది. ఆ చెయ్యి అలాగే ఉంది.

సరళాదేవి ఆ చెయ్యిని చూసింది. తూకం తేలిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మంచం. ఇందులో ఏ రాయి వేసినా తక్కెడ సమం కాదు. ఒక పక్క కిందికి పోవాల్సిందే. తను కాయితం వెనక్కు పంపితే చంద్రవ్వ సోమవారం పోతుందా? పోదు. ఆకు తాగుతూ ఇంట్లో కూర్చుంటుంది. అప్పుడు మంచం ఖాళీగా పోతుంది, ఎవరికీ కాకుండా. ఈ వాదన తనకు తాను చెప్పుకుంది. బాగానే ఉంది. కాస్త ఎక్కువ బాగుంది.

కాయితం చిన్నగా మడిచి రవికెలో ఎడమ పక్క పెట్టుకుంది.

లీలాబాయి చెయ్యి వెనక్కు తీసుకుంది. "తెలివిగల్లదానివే" అంది.

* * *

రెండో బంతి సగంలో ఉండగా గేటు దగ్గర కేక వినిపించింది.

"దొర్సానీ! ఓ దొర్సానీ!"

బాలమల్లు పరుగు మీద వచ్చాడు. వెనక చంద్రవ్వ, పొట్లం లేదు. సరళాదేవి రవికె మీద చెయ్యి అదుముకొని మొగుడి కంటే ముందే గేటు చేరింది.

"గా కాయితం ఇయ్యి దొర్సానీ! బస్టాండ్ల కంపినీ ఆయిన ఉండె. మా సేతుల పొట్లం జూసి, ఏందని అడిగి, గుంజి మురికి మోర్ల పారేసిండు. 'బతుకాల్నని ఉంటె సోమారం పోయి మంచమెక్కుండ్రి' అని కసిరిండు. గిది గూడ ఒప్పుకున్నది, పోత అన్నది. కాయితం జర ఇయ్యి, కరీంనగర్ బస్సు నిలబడ్డది."

రైతుల్లో ఇద్దరు ముగ్గురు తలెత్తారు. జలపతిరావు గరిటె కింద పెట్టాడు. వసారాలో లీలాబాయి స్తంభానికి ఆనుకొని, మరదలు ఏమంటుందో విందామన్నట్టు నిలబడింది.

తను లోపల చెప్పుకున్న వాదన కూలిపోయింది. చంద్రవ్వ సోమవారం పోతుంది. ఇప్పుడు మిగిలింది వాదన కాదు, కాయితం.

"పొయ్యిల ఎయ్యమంటిరి గద" అంది సరళాదేవి. "ఏసినం."

బాలమల్లు మొహం పాలిపోయింది. "గప్పుడే?"

"గప్పుడే."

"మూణ్ణెల్లు దొర్సానీ... మూణ్ణెల్లు తిరిగిన గా కాయితానికి." అతను రెండు చేతులా గేటు పట్టుకున్నాడు. "కాయితం లేంది లోపటికి రానియ్యరు. దానికి మొహరుండె."

"మళ్ళ రాపిచ్చుకోండ్రి." ఈ మాట తన గొంతులోంచి వచ్చింది గాని, చెప్పిన తీరు లీలాబాయిది. "ఏం జేస్తం? మీరే వద్దంటిరి."

"నేను అననే లేదు! గిదే అన్నది, గీ పిచ్చిదే!" బాలమల్లు పెళ్ళాం మీదికి చెయ్యి ఎత్తాడు. కొట్టలేక ఆ చేత్తోనే తన తల కొట్టుకున్నాడు.

చంద్రవ్వ అతన్ని ఆపలేదు. మొగుడి వైపు చూడలేదు. కాలిపోయిందన్న కాయితం కోసం ఏడవలేదు. సరళాదేవినే చూస్తోంది, దారం తెగిన చోటు వెతికే కళ్ళతో. జడ చూసింది. మొహం చూసింది. అక్కడి నుంచి కిందికి వచ్చి ఆగింది.

"కాలితె కాలింది గనీ దొర్సానీ" అంది మెల్లగా. "గేట్ల అడుగువెట్టినప్పటి సంది జూస్తున్న. ఎడమ రొమ్ము మీదికెల్లి చెయ్యి తియ్యవేంది? తగ్గింది గద నీకు?"

విస్తళ్ళ మీద చేతులు ఆగిపోయాయి. ఇందాక "నిజంగనే బాగైందా" అని అడిగిన రైతు తినడం మానేసి లేచి నిలబడ్డాడు. జలపతిరావు నవ్వబోయాడు.

"తియ్యి సరళా" అన్నాడు. "చెయ్యి తీసి సూపెట్టు, ఏం లేదని."

సరళాదేవి చెయ్యి తియ్యలేదు. తీస్తే, పలచటి రవికె కింద మడత పెట్టిన కాయితం కనిపిస్తుంది.